అభినవగుప్తుడు – గురుముఖోక్తి ప్రామాణ్యము

ధ్వన్యాలోకలోచనమును పఠించినవారికి అభినవగుప్తుడు సుపరిచితుడు. లలితాదిత్యుడు 8వ శతాబ్దమున అంతర్వేదినుండి కాశ్మీరమునకు తోడ్కొనివచ్చిన అత్రిగుప్తుని వంశమున ఆయన జనించెను. తండ్రి నరసింహగుప్తుడు, తల్లి విమల. తల్లి ఆయన బాల్యముననే గతించెను. వ్యాకరణమున తండ్రియే తొలిగురువు. బృహతీవిమర్శిని క్రీ.శ. 1014-15లో పూర్తియైనట్లు గ్రంథాంతమునందలి కాలనిర్దేశమువలన తెలియుచున్నది గనుక కాలవిషయమున వివాదము లేదు.

ఒక్క గురువుతో తృప్తిపడిన విద్యార్థి కాడాయన. భట్టతౌతునియొద్ద నాట్యశాస్త్రమును, భట్టేందురాజునొద్ద ధ్వనిమార్గమును, లక్ష్మణగుప్తునియొద్ద ప్రత్యభిజ్ఞాదర్శనమును అభ్యసించెను. కౌలమార్గమును జాలంధరపీఠమునకు చెందిన శంభునాథునివలన గ్రహించెను. బౌద్ధులను, ఆర్హతులను సైతము సేవించితినని దాచక చెప్పుకొనెను. ఇందఱియొద్ద విన్నది ఆయన వ్యాఖ్యలలో అడుగడుగున కానవచ్చును. చిక్కంతయు అచ్చటనే కలదు.

భట్టతౌతుని కావ్యకౌతుకము నేడు లభ్యము కాదు. దానిపై శిష్యుడు రచించిన వివరణమును నశించినది. నాట్యశాస్త్ర షష్ఠాధ్యాయ వ్యాఖ్యలో శంకుకుని అనుకరణవాదమును నిరాకరించునపుడు, ఆ నిరాకరణము తనది కాదనియు, ఉపాధ్యాయునిదనియు అభినవుడు స్పష్టముగా చెప్పెను. అది గ్రంథస్థమో, పాఠము చెప్పుచుండగా గురుముఖమున వెలువడినదో తేల్చు సాధనము లేదు. ఆధునిక పరిశోధనమర్యాదలో ఇట్టి ఆధారము నిలువదు. పత్రసంఖ్య లేదు, మాతృక లేదు, మఱియొక సాక్షి లేడు.

ఐనను దీనిని త్రోసిపుచ్చుట తొందరపాటగును. అభినవుడు ఎవరి మాట వారికే అప్పగించు స్వభావము గలవాడు. ధ్వన్యాలోకమునకు పూర్వవ్యాఖ్యయైన చంద్రిక తన వంశమునందలి పెద్ద రచించినదే. లోచనమున దానిని పలుమాఱులు ఖండించి, స్వవంశీయులతో వాదమేల యని నవ్వుకొనినట్లు విరమించెను. బంధుత్వమునకు లొంగనివాడు గురుభక్తిచే లేనిమాట కల్పించెనని అనుటకు హేతువు కావలెను. తంత్రాలోకమున ఆయన జ్ఞానమునకు గురువు, శాస్త్రము, స్వానుభవము అను మూడు ద్వారములను వేఱువేఱుగా నిరూపించెను. విన్నదానికిని, చదివినదానికిని, తాను ఊహించినదానికిని భేదమెఱిగిన లేఖకుడు గనుకనే ఆయన సాక్ష్యమునకు బరువు కలదు.

దోషము అభినవునియందు కంటె ఆయనను వాడుకొను మనయందే ఎక్కువ. లొల్లటుని, శంకుకుని వ్యాఖ్యలుగాని, భట్టనాయకుని హృదయదర్పణముగాని నేటివఱకు లభింపలేదు. రసవిషయమున వారి మతములు మనకు ముఖ్యముగా ప్రతిపక్షి లేఖినినుండియే అందినవి. లొల్లటుని గ్రంథము బల్లమీద నున్నట్లు ఆయన ఇట్లనెనని సిద్ధాంతవ్యాసములలో వ్రాయుట పరిపాటియైనది. కొందఱు మమ్మటుని రెండవ సాక్షిగా నిలుపుదురు. కావ్యప్రకాశ చతుర్థోల్లాసమునందలి రసప్రకరణము అభినవభారతికి సంక్షేపమే కదా! ఇద్దఱు పలికినట్లు తోచినను కంఠము ఒక్కటే. వ్యక్తివివేకకర్తయైన మహిమభట్టు ఇంతకంటె నిజాయితీపరుడు. దర్పణమును చూడకయే గ్రంథమునకు పూనుకొంటినని ఆరంభముననే ఒప్పుకొనెను.

అభినవభారతికి కేరళదేశమున దొరకిన ప్రతులు మిక్కిలి అశుద్ధములు. మన మానవల్లి రామకృష్ణకవి వానితో పెనుగులాడి 1926లో ప్రథమసంపుటమును బరోడానుండి ప్రకటించెను. హేమచంద్రుడు తాను ఆ మతమునే ఉపజీవించితినని చెప్పి, రసప్రకరణమును దీర్ఘముగా ఉద్ధరించియుండుటచే అనేకస్థలములలో పాఠము కుదిరినది. పేరు చెప్పి తీసికొనినందువలన శాస్త్రమునకు కలిగిన లాభమిది.

అభినవుని నిర్యాణమును గూర్చి కాశ్మీరమున ఒక జనశ్రుతి కలదు. పండ్రెండువందల శిష్యులతో భైరవస్తవమును పఠించుచు ఒక గుహను ప్రవేశించి మరలి రాలేదట. కాంతిచంద్రపాండేయుడు తన గ్రంథమున దీనిని జనశ్రుతిగానే చేర్చెను. భట్టతౌతుని మాటకు వినినవాడు, చెప్పినవాడు, చెప్పిన సందర్భము ఉన్నవి. ఈ గుహాకథకు ఆ మువ్వురిలో ఒక్కడును లేడు. ఆయన జీవితచరిత్రలు పెక్కు ఈ కథతోనే ముగియుచున్నవి.