అటక మీద యుద్ధరంగం – రాబర్ట్ లూయీ స్టీవెన్సన్ జీవితం

అరుగు మీద సుద్దముక్కతో గీతలు గీసి పులి-మేక ఆడని బాల్యం మన తెలుగువాళ్ళలో అరుదు. జోడీ దొరకని మధ్యాహ్నాల్లో పులులూ మనమే, మేకలూ మనమే. ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్ల వరండాల్లోనైనా, శ్రీకాకుళం పల్లె అరుగుల మీదైనా ఆట ఒక్కటే. పెద్దయి యూనిఫాం వేసుకున్నాక అదే పని శాండ్ మోడల్ ముందు నిలబడి చేశాం. కొండ ఎక్కడ, వాగు ఎక్కడ, శత్రువు ఏ దారిన వస్తాడు, మన రేషన్ ఏ దారిన వస్తుంది అని. ఈ ఆటను జీవితమంతా వదలని ఒక మహారచయిత ఉన్నాడు. ఆయన సైనికుడు కాదు, ఆరోగ్యవంతుడు అంతకన్నా కాదు. నందూరి రామమోహనరావు గారు తెలుగులో కాంచన ద్వీపంగా అందించిన ట్రెజర్ ఐలాండ్ నవలను రాసిన రాబర్ట్ లూయీ స్టీవెన్సన్ ఆయన.

1850 నవంబరు 13న స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరోలో ఆయన పుట్టాడు. వాళ్ళది దీపస్తంభాలు కట్టే ఇంజనీర్ల వంశం. తాత రాబర్ట్ స్టీవెన్సన్ నడిసముద్రంలో బెల్ రాక్ దీపస్తంభం నిర్మాణంతో పేరు పొందినవాడు. తండ్రి థామస్‌దీ అదే వృత్తి. ఇంటికి ఒక్కడే కొడుకు. ఆ ఒక్క కొడుకుకీ ఊపిరితిత్తుల జబ్బు. చలికాలం వచ్చిందంటే మంచమే లోకం. తోటి పిల్లలు వీధిలో ఆడుకుంటుంటే ఈ పిల్లవాడు దిండ్లకు ఆనుకుని, దుప్పటి ముడతలే కొండలూ లోయలూ అనుకుని, వాటి మీద సీసపు సైనికులను నడిపించేవాడు. 1885లో అచ్చయిన తన పిల్లల పద్యాల సంపుటిలో ఆ జ్ఞాపకాన్నే ఒక పద్యంగా మలిచాడు.

ఆరేళ్ళ వయసులో పెదతండ్రి కొడుకు బాబ్ వచ్చి ఒక చలికాలం వాళ్ళింట్లో ఉన్నాడు. ఇద్దరూ కలిసి చెరొక రాజ్యం కల్పించుకున్నారు. లూయీ దేశం పేరు ఎన్‌సైక్లోపీడియా, బాబ్ దేశం పేరు నోసింగ్టోనియా. రెండూ ద్వీపాలే. పటాలు గీయడం, చరిత్రలు చెప్పుకోవడం, ఒకరి రాజ్యంతో ఒకరి రాజ్యం పోటీ పడడం. చివరికి పొద్దున తినే జావ కూడా వాళ్ళకు భూగోళమే. ఒకడు చక్కెర చల్లుకుని దేశాన్ని మంచు కప్పేసిందనేవాడు. రెండోవాడు పాలు పోసుకుని వరద ముంచేసిందనేవాడు.

తండ్రి కోరిక మీద ఇంజనీరింగు చదువులో చేరాడు గానీ మనసు నిలవలేదు. సరే, లాయరైనా కమ్మన్నారు. 1875లో ఆ పట్టా పుచ్చుకున్నాడు, ప్రాక్టీసు మాత్రం పెట్టలేదు. కలమే తన వృత్తి అని తేల్చుకున్నాడు. 1876లో ఫ్రాన్స్‌లో ఫానీ ఆస్‌బోర్న్ అనే అమెరికన్ మహిళతో పరిచయమైంది. ఆమె వయసులో ఆయనకన్నా పెద్ద, పిల్లల తల్లి. ఆమె కోసం 1879లో ఓడలోనూ, వలసకూలీల రైల్లోనూ కాలిఫోర్నియా చేరేసరికి ప్రాణం మీదికి వచ్చింది. 1880 మే 19న శాన్‌ఫ్రాన్సిస్కోలో వాళ్ళ పెళ్ళి జరిగింది. ఆ పెళ్ళితో ఆయనకు లాయిడ్ అనే కొడుకు కూడా దొరికాడు. సవతి తండ్రి అన్న మాటకు మన కథల్లో ఉన్న అర్థం ఇక్కడ పనికిరాదు. ఆ ఇద్దరూ ఆటల్లో సమ ఉజ్జీలు.

1881 వేసవిలో స్కాట్లండ్‌లోని బ్రేమార్‌లో ఎడతెగని వాన. ఇంట్లో కూర్చున్న లాయిడ్‌తో కలిసి స్టీవెన్సన్ రంగుల్లో ఒక ద్వీపం పటం గీశాడు. పటం చూస్తూ ఉంటే అందులోని అడవుల నుంచి మనుషులు తొంగిచూసినట్టనిపించిందట. అలా మొదలైందే ట్రెజర్ ఐలాండ్. ముందు పటం, తర్వాత కథ. 1883లో పుస్తకంగా వేసేటప్పుడు ప్రచురణకర్తకు పంపిన ఆ అసలు పటం కనిపించకుండా పోయింది. నవలలో ఉన్న దూరాలూ దిక్కులూ ఒక్కొక్కటే ఏరి, వాటికి సరిపోయేలా తండ్రి ఆఫీసులో కూర్చుని మళ్ళీ పటం గీయవలసి వచ్చింది. పటాన్ని నేలకు సరిపెట్టడం మనకు తెలుసు, కథకు సరిపెట్టడం ఎంత కష్టమో ఆయనకే తెలియాలి.

ఆ ఏడాది చలికాలం క్షయరోగులు గాలి మార్పు కోసం వెళ్ళే స్విట్జర్లాండ్‌లోని దావోస్‌లో గడిచింది. మన కథకు అసలు ఘట్టం ఇదే. ఆ ఇంటి అటక ఎక్కాలంటే ఊగిసలాడే నిచ్చెన. ఉన్నది ఒకటే కిటికీ, కొవ్వొత్తి లేనిదే ఏమీ కనపడదు, నిటారుగా నిలబడే ఎత్తు లేదు. ఆ నేల మీద రంగు సుద్దలతో కొండలు, నదులు, పట్టణాలు, వంతెనలు, మంచి రోడ్లు, చెడ్డ రోడ్లు గీశారు. అటు స్టీవెన్సన్ సైన్యం, ఇటు లాయిడ్ సైన్యం. ఒకరికి ముప్ఫై ఒక్కేళ్ళు, ఒకరికి పదమూడు. చలికి వేళ్ళు కొంకర్లు పోతున్నా, మోకాళ్ళు పట్టేస్తున్నా గంటల తరబడి యుద్ధం సాగేది.

ఊరికే బొమ్మలను పేర్చి పడగొట్టే ఆట కాదది. ముందు అశ్వికదళం తెరలా నడవాలి, వెనుక రిజర్వు ఉండాలి. వాన పడితే రోడ్లు పాడవుతాయి, నడక తగ్గుతుంది. బరువైన ఫిరంగులు మెల్లగా కదులుతాయి, ఖర్చూ ఎక్కువే. వంతెన కూల్చవచ్చు, కట్టాలంటే టైము పడుతుంది. గుండు పేల్చడానికి బొమ్మ తుపాకులు ఉన్నాయి గానీ మందుగుండు లెక్క ప్రకారమే. సరఫరా తెగిన సైన్యం ఎంత పెద్దదైనా దిక్కులేనిదే.

ఈ చివరి సూత్రం ఖరగ్‌పూర్ వాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. 1944లో అమెరికన్ల ఇరవయ్యో బాంబర్ కమాండ్ ఇక్కడి హిజ్లీ నిర్బంధ శిబిరం భవనంలోనే హెడ్‌క్వార్టర్స్ పెట్టింది. 1951లో మన ఐ.ఐ.టి. మొదలైన భవనమూ అదే. ఆ బి-29 విమానాలు జూన్ 5న ఇక్కడి రన్‌వేల నుంచి బ్యాంకాక్ మీద మొదటి దాడి చేశాయి. జూన్ 15న చైనాలోని చెంగ్డూ వైపు స్థావరాల నుంచి జపాన్‌లోని యవాటా మీద దాడికి వెళ్ళాయి. చైనాలో ఒక్క విమానం దాడికి బయల్దేరాలంటే ముందుగా దాని పెట్రోలూ బాంబులూ హిమాలయాల మీదుగా ఎన్నో ట్రిప్పులు మోసి నిల్వ చెయ్యాలి. ఎంత గొప్ప విమానమైనా సరఫరా అందినంత మేరకే యుద్ధం. దావోస్ అటక మీద ఒక రోగీ ఒక పిల్లవాడూ ఆడుకున్న లెక్క అదే.

స్టీవెన్సన్ అక్కడితో ఆగలేదు. ఆ కల్పిత దేశాలకు వార్తాపత్రికలు కూడా సృష్టించాడు. గ్లెండరూల్ ఊరి పత్రిక ఒకటి, యాలోబాలీ ఊరి పత్రిక ఒకటి. వాటిలో సేనాపతుల తప్పులను ఎండగడుతూ నోట్‌బుక్కులో యుద్ధవార్తలు తానే రాసుకున్నాడు. ఆయన పోయిన తర్వాత 1898 డిసెంబరులో స్క్రిబ్నర్స్ పత్రికలో లాయిడ్ వీటిని ప్రచురించాడు.

అప్పటికి సైన్యాలకు ఈ విద్య కొత్తదేమీ కాదు. 1824లో రైస్‌విట్జ్ అనే ప్రష్యా లెఫ్టినెంటు పటం మీద ఆడే యుద్ధక్రీడను తమ జనరల్ స్టాఫ్ అధిపతికి చూపించి మెప్పించాడు. ప్రష్యా సైన్యం దాన్ని శిక్షణలో చేర్చుకుంది. 1913లో రచయిత హెచ్.జి. వెల్స్ లిటిల్ వార్స్ పేరుతో ఇంటి ఆటకు నియమావళి అచ్చువేశాడు. ఈ రెంటికీ మధ్య కాలంలో అటకెక్కినవాడు స్టీవెన్సన్.

1886లో డాక్టర్ జెకిల్ కథతో పేరు మారుమోగింది. 1887లో తండ్రి చనిపోయాక స్టీవెన్సన్ కుటుంబంతో సహా అమెరికా వెళ్ళి, 1888లో పసిఫిక్ సముద్రంలోకి ఓడ ఎక్కాడు. 1889 చివర సమోవా దీవులు చేరి, వైలిమా అనే చోట ఇల్లు కట్టుకుని స్థిరపడ్డాడు. అక్కడ ఆట కాదు, అసలు సామ్రాజ్యాలే పటం ముందు కూర్చున్నాయి. జర్మనీ, బ్రిటన్, అమెరికా మూడూ ఆ చిన్న దీవుల కోసం పోటీ పడుతున్నాయి. ఆయన రావడానికి కొన్ని నెలల ముందే, 1889 మార్చిలో, ఆపియా రేవులో ఒకరి మీద ఒకరు కన్నేసి ఉన్న యుద్ధనౌకలను తుపాను దెబ్బతీసింది. జర్మన్, అమెరికన్ ఓడలు అక్కడే దెబ్బతినగా, బ్రిటిష్ ఓడ ఒక్కటే బయటపడింది.

స్టీవెన్సన్ చూస్తూ ఊరుకోలేదు. ఆ అధికారుల నిర్వాకాన్ని 1892లో ఒక పుస్తకంగానే రాశాడు. 1893 జూలైలో సమోవా నాయకులు మటాఫా, లౌపెపా వర్గాల మధ్య యుద్ధం వచ్చింది. గాయపడి వచ్చినవాళ్ళను ఆయన కళ్ళారా చూశాడు. అటక మీద పడిపోయిన సైనికుణ్ణి సాయంత్రానికి మళ్ళీ నిలబెట్టవచ్చు. ఇక్కడ పడినవాడు లేవడు. ఓడిపోయిన మటాఫాను దేశం దాటించారు. ఆయన పక్షం నాయకులను ఆపియా జైల్లో పెట్టారు. పలుకుబడి ఉన్నవాళ్ళంతా తప్పుకుంటే స్టీవెన్సన్ మాత్రం జైలుకు వెళ్ళి వాళ్ళకు తిండి, పొగాకు పంపే ఏర్పాటు చేశాడు.

1894లో విడుదలైన ఆ నాయకులు ఆ రుణం ఉంచుకోలేదు. కూలి పుచ్చుకోకుండా ఆయన ఇంటికి స్వయంగా రోడ్డు వేసి ఇచ్చారు. సుద్దతో రోడ్లు గీసిన మనిషికి అంతకన్నా పెద్ద బిరుదు ఉంటుందా? రెండు నెలలు తిరక్కుండానే, 1894 డిసెంబరు 3న, మెదడులో రక్తనాళం చిట్లి ఆయన కన్నుమూశాడు. వయసు నలభై నాలుగే. సమోవా జనం రాత్రికి రాత్రి అడవి నరికి వాయియా కొండ మీదికి దారి చేసి, భుజాల మీద మోసుకెళ్ళి అక్కడ సమాధి చేశారు.

1899లో ఆ దీవులను జర్మనీ, అమెరికా పటం మీద గీత గీసి పంచుకున్నాయి. పశ్చిమ సమోవా 1962లో స్వతంత్రమైంది.

పటం మీద ఆడినవాడికి యుద్ధం వినోదమైపోతుందని కొందరు అంటారు. స్టీవెన్సన్ బతుకు అందుకు సాక్ష్యం చెప్పదు. దారి, వాన, తిండి, మందుగుండు లెక్కలు వేసి ఆడినవాడికే యుద్ధం ఖరీదు ముందుగా తెలుస్తుంది. శాండ్ మోడల్ దగ్గర మనకు నేర్పిందీ అదే, తప్పులన్నీ ఇసుకలోనే చేసెయ్యాలని. ఇక ఆయన నిద్రిస్తున్న కొండ సంగతి. అక్కడ పక్షులు బెదరకుండా పాడుకోవాలని సమోవా నాయకులు ఆ కొండ మీద తుపాకీ పేల్చడాన్నే నిషేధించారు. బొమ్మ తుపాకులతో బాల్యం గడిపిన మనిషికి అసలు తుపాకులు పట్టినవాళ్ళు చేసిన వందనం అది.