రాబర్ట్ ఫ్లాయిడ్

రాబర్ట్ డబ్ల్యు. ఫ్లాయిడ్ (జూన్ 8, 1936 - సెప్టెంబరు 25, 2001) ప్రఖ్యాత అమెరికన్ కంప్యూటర్ శాస్త్రవేత్త. ప్రోగ్రామింగ్ భాషల వ్యాకరణాలు, పార్సింగ్ అనబడే వాక్య విశ్లేషణ, ప్రోగ్రాముల నిర్దుష్టత అనే మూడు రంగాలలోనూ ఈయన పునాది వంటి కృషి చేశాడు. 1978లో ట్యూరింగ్ పురస్కారం పొందాడు. వ్యాకరణంలోని దోషాన్ని యంత్రం ఎంతవరకు పట్టుకోగలదు, ఎక్కడ పట్టుకోలేదు అనే హద్దును స్పష్టపరచిన తొలి పరిశోధకులలో ఈయన ఒకడు.

బాల్యము, విద్య

ఫ్లాయిడ్ న్యూయార్క్‌లో జన్మించాడు. అసాధారణ ప్రతిభ వలన తరగతులు దాటుకుంటూ 14 ఏళ్ళకే పాఠశాల చదువు ముగించాడు. 1953లో, 17 ఏళ్ళ వయసులో, చికాగో విశ్వవిద్యాలయం నుండి బి.ఎ. పట్టా పొందాడు. 1958లో అక్కడే భౌతికశాస్త్రంలో రెండవ పట్టా అందుకున్నాడు. డాక్టరేటు మాత్రం ఎన్నడూ చేయలేదు.

ఉద్యోగ జీవితము

1950లలో చికాగోలోని ఆర్మర్ పరిశోధనా సంస్థలో కంప్యూటర్ ఆపరేటర్‌గా చేరి, ప్రోగ్రామింగ్ సొంతంగా నేర్చుకున్నాడు. తరువాత మసాచుసెట్స్‌లోని కంప్యూటర్ అసోసియేట్స్ సంస్థలో కంపైలర్లపై పనిచేశాడు. 1960ల మధ్యకాలంలో కార్నెగీ సాంకేతిక విద్యాసంస్థలో అధ్యాపకుడయ్యాడు. 1968లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి మారాడు. డాక్టరేటు లేకున్నా అక్కడ పూర్తిస్థాయి ఆచార్యుడయ్యాడు. 1970లలో కంప్యూటర్ సైన్సు శాఖకు అధ్యక్షత కూడా వహించాడు.

వ్యాకరణాలలో సందిగ్ధత

ప్రోగ్రామింగ్ భాషకు వ్యాకరణం రాసేవారికి ఎదురయ్యే పెద్ద చిక్కు సందిగ్ధత. ఒకే వాక్యాన్ని వ్యాకరణం రెండు విధాలుగా విడదీయనిస్తే, ఆ వాక్యానికి రెండు అర్థాలు ఏర్పడతాయి. ఉదాహరణకు 8-5-2 అనే లెక్కను ఎడమనుండి చేస్తే 1, కుడినుండి చేస్తే 5 వస్తుంది. కంపైలర్ ఏ హెచ్చరికా లేకుండా తప్పు విభజనను ఎంచుకుంటే, ప్రోగ్రాము ఆగకుండానే తప్పు సమాధానం ఇస్తుంది.

ఏ వ్యాకరణాన్ని ఇచ్చినా అది సందిగ్ధమో కాదో తేల్చే సార్వత్రిక పద్ధతి ఉండజాలదని ఫ్లాయిడ్ 1962లో నిరూపించాడు. ఇదే ఫలితాన్ని డేవిడ్ కాంటర్ కూడా ఆ సంవత్సరమే విడిగా ప్రచురించాడు.

ఆపరేటర్ ప్రాధాన్య పద్ధతి

అసాధ్యమని తేల్చి ఫ్లాయిడ్ ఊరుకోలేదు. 1963లో ఆపరేటర్ ప్రాధాన్య వ్యాకరణాలను ప్రతిపాదించాడు. వీటిలో ఏ రెండు చిహ్నాల మధ్యనైనా మూడు ప్రాధాన్య సంబంధాలలో ఒకటికి మించి ఉండకూడదు. ఈ సంబంధాలను ఒక పట్టికగా రాసుకోవచ్చు. ఒకే గడిలో రెండు సంబంధాలు పడితే ఆ వ్యాకరణం ఈ పద్ధతికి పనికిరాదని వెంటనే తెలుస్తుంది. వాక్యాన్ని చదివేటప్పుడు ఖాళీ గడి ఎదురైతే, ఆ రెండు చిహ్నాలు అలా కలిసి రాకూడదని అర్థం. అక్కడే దోష సందేశం ఇవ్వవచ్చు. అయితే కొన్ని దోషాలు ఈ పట్టికకు చిక్కవు.

పార్సర్ జనరేటర్లపై ప్రభావము

వ్యాకరణాన్ని ఇస్తే పార్సర్‌ను తానే తయారుచేసే సాధనాన్ని పార్సర్ జనరేటర్ అంటారు. 1970లలో బెల్ ల్యాబ్స్‌లో స్టీఫెన్ జాన్సన్ రూపొందించిన యాక్ వీటిలో ప్రసిద్ధమైనది. డోనాల్డ్ నూత్ 1965లో ప్రకటించిన ఎల్‌ఆర్ పద్ధతి దీనికి ఆధారం. ఆపరేటర్ల ప్రాధాన్యాన్ని ప్రకటించే సౌకర్యం కూడా ఇందులో ఉంది.

యాక్ ఇచ్చే ఘర్షణ హెచ్చరికలను అర్థం చేసుకోవడానికి ఫ్లాయిడ్ ఫలితం ఎంతో ఉపకరిస్తుంది. తరువాతి చిహ్నాన్ని చేర్చుకోవాలా, చదివినంతవరకు ఒక సూత్రం కింద కుదించాలా అన్నది తేలనప్పుడు షిఫ్ట్-రెడ్యూస్ ఘర్షణ ఏర్పడుతుంది. అప్పుడు యాక్ చేర్చుకోవడాన్నే ఎంచుకుంటుంది. ఒక ఇఫ్ లోపల మరొక ఇఫ్ ఉండి చివర ఒకే ఎల్స్ ఉన్నప్పుడు, ఆ ఎల్స్ దగ్గరి ఇఫ్‌కు చేరేది ఇందువల్లనే. కాని ఘర్షణ కనిపించినంత మాత్రాన వ్యాకరణం సందిగ్ధమని చెప్పలేము. ఒక్క చిహ్నం మాత్రమే ముందుకు చూసే పద్ధతికి అది అందకపోయి ఉండవచ్చు. ఒకే వాక్యానికి రెండు విశ్లేషణ వృక్షాలు గీసి చూపగలిగితే సందిగ్ధత రుజువవుతుంది. గీయలేకపోయినంత మాత్రాన అది లేదని రుజువు కాదు. అందుచేత ప్రాధాన్య ప్రకటనలతో హెచ్చరికను అణచివేసే ముందు, ఏ అర్థం కావాలో వ్యాకరణం రాసినవారే నిర్ణయించుకోవాలి.

ఇతర కృషి

గ్రాఫులో ప్రతి రెండు బిందువుల మధ్య అతి దగ్గరి దారిని కనుగొనే ఫ్లాయిడ్-వార్షల్ పద్ధతి 1962 నాటిది. ప్రోగ్రాము సరైనదని తర్కంతో నిరూపించే విధానాన్ని 1967లో వివరించాడు. టోనీ హోర్ 1969లో దానిని మరింత ముందుకు తీసుకువెళ్ళాడు. 1976లో లూయిస్ స్టెయిన్‌బర్గ్‌తో కలిసి, కొద్ది రంగులతోనే చిత్రాలను సహజంగా చూపే పద్ధతిని ప్రచురించాడు.

చివరి రోజులు

ఫ్లాయిడ్ 1994లో పదవీ విరమణ చేశాడు. చివరి సంవత్సరాలలో, మెదడును క్రమంగా క్షీణింపజేసే పిక్స్ వ్యాధితో బాధపడ్డాడు. 2001 సెప్టెంబరు 25న మరణించాడు.