బారెడు ఆకాశం

ఫిలిప్పీన్ దీవుల సాహిత్యమనగానే మనలో చాలమందికి స్ఫురించే పేరు హోసే రిసాల్ ఒక్కటే. 1896 డిసెంబరు 30న స్పెయిన్ పాలకుల తుపాకులకు బలియైన ఆ మహనీయుని కీర్తి దేశదేశాలా వ్యాపించింది. కాని ఆయన స్పానిష్ భాషలో రచించిన నవలను ఏడు దశాబ్దాలు గడచిన పిదప స్వభాషలో ముందుకు నడిపిన అమాదో హెర్నాండెజ్‌ను ఎరిగినవారు మన దేశంలో అరుదు. భాషాసాహిత్యాలను అభ్యసించే విద్యార్థులు తెలుసుకొనదగిన జీవితం ఆయనది.

ఆయన 1903 సెప్టెంబరు 13న జన్మించారు. పెరిగింది మనీలా నగరంలో, రేవుకూలీలూ కర్మాగారాల శ్రామికులూ క్రిక్కిరిసి నివసించే తోందో పేటలో. అప్పటికి స్పెయిన్ పాలన అంతరించి అమెరికా పాలన నెలకొన్నది. బడులలో బోధనాభాష ఆంగ్లం. ఉద్యోగానికీ, గౌరవానికీ ఆంగ్లమే సోపానం. ఆ తరంలోనూ తరువాతి తరంలోనూ ప్రతిభావంతులైన రచయితలు పలువురు ఆంగ్లంలోనే వ్రాశారు. హోసే గార్సియా వియా, నిక్ హోఆకిన్ వంటివారి కీర్తి అమెరికా దాకా ప్రాకింది. వారి ప్రతిభను తక్కువ చేయనక్కరలేదు. అయితే తోందో పేటలోని కూలివానికి ఆ రచనలు చేరే దారి లేదు. హెర్నాండెజ్ తగలోగ్ భాషను వరించడంలోని అంతరార్థం ఇదేనని నా తలంపు. ఎవరిని గూర్చి వ్రాస్తున్నాడో వారు చదువలేని భాషలో వ్రాయడం ఆయనకు పొసగలేదు.

పత్రికారచయితగా ప్రవేశించి ‘మబూహాయ్’ అనే దినపత్రికకు సంపాదకులైనారు. 1932లో ఆతాంగ్ దె లా రామా అనే ప్రఖ్యాత గాయనీనటిని వివాహమాడారు. సంగీతనాటక రంగస్థలంపై ఆమె పేరు ఆనాటికి భర్త పేరుకన్న పెద్దది. 1940లో వెలువడిన ఆయన కవితాసంపుటి పేరు ‘కయుమాంగి’, అంటే చామనచాయ. తెల్లదొరల పాలనలో స్వజాతి మేనివన్నెను గ్రంథనామంగా పెట్టుకొనడంలోనే కవి హృదయం వ్యక్తమౌతున్నది.

యుద్ధకాలంలో జపాను సేనలు మనీలాను ఆక్రమించగా, ఆయన గెరిల్లా దళాలకు రహస్య సమాచారం చేరవేస్తూ పనిచేశారు. 1945 ఫిబ్రవరిలో జరిగిన మనీలా పోరాటంలో సుమారు లక్షమంది పౌరులు మరణించారు, నగరం శిథిలమైంది. ఆ బూడిదలో 1946 జూలై 4న దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది. వచ్చినదేగాని, దేశంలోని గనులనూ భూములనూ అనుభవించడానికి స్థానికులతోపాటు అమెరికా పౌరులకు కూడ సమానహక్కు ఉండాలనే షరతు వెంటబెట్టుకొని వచ్చింది. హెర్నాండెజ్ దీనిని సహించలేదు. 1947లో ఆయన దేశంలోని కార్మికసంఘాల మహాసమాఖ్యకు అధ్యక్షులై సమ్మెలు నడిపారు. అదే కాలంలో మధ్య లూజోన్ ప్రాంతపు కౌలురైతులు ‘హుక్’ దళాలుగా సాయుధులై ప్రభుత్వాన్ని ఎదిరిస్తున్నారు. నగరంలోని కార్మికనాయకులను ఆ తిరుగుబాటుతో ముడిపెట్టడం పాలకులకు సుకరమైంది. 1951 జనవరి 26న ఆయనను నిర్బంధించారు.

కారాగారంలో గడచినవి ఐదేండ్లకు పైబడిన కాలం. ఆయన ఉత్తమ కవిత్వమంతా ఈ ఐదేండ్లదేనన్నా తప్పులేదు. 1952 ఏప్రిల్ 22న, ముంతిన్లూపా చెరసాలలోని ఒంటరిగదిలో, ‘ఇసాంగ్ దిపాంగ్ లాంగిత్’ అనే ఖండకావ్యం వ్రాశారు. ‘దిపా’ అనగా రెండు చేతులూ చాచినప్పుడు ఈ కొననుండి ఆ కొనకుగల పొడవు. ఆంగ్లానువాదకులకు ఈ మాట కొంత చిక్కు పెట్టేదే. మనకా చిక్కు లేదు. నూతిచేద త్రాటిని కొలిచే మన ‘బార’ అక్షరాల అదే. చిన్న గవాక్షంలోనుండి ఖైదీకి కనిపించేది బారెడు ఆకాశం మాత్రమే. సంకెళ్ల చప్పుడూ, కావలివాని కాఠిన్యమూ, తోటిఖైదీల వేదనా వర్ణించి, చివరకు ఆ బారెడు ఆకాశంలోనే విముక్తి ఉదయాన్ని చూస్తాడు కవి. విషయం నూతనమైనా ఛందస్సు పాతదే. బాలగ్తాస్ మహాకవి నాటినుండి వస్తున్న పన్నెండక్షరాల పాదాలు, నాలుగేసి పాదాల పద్యాలు, అంత్యప్రాస. కంఠస్థం చేయదగిన నడక అది. కాగితం దొరకని చోట కవిత్వానికి అదెంత అవసరమో ఊహించవచ్చును.

ఇక అభియోగం సంగతి. తిరుగుబాటు నేరానికి ఆనాటి శిక్షాస్మృతి విధించిన గరిష్ఠశిక్ష పన్నెండేండ్లు. ప్రభుత్వపక్షంవారు దానికి హత్య, గృహదహనం, దోపిడీ జోడించి ఏకనేరంగా కూర్చారు. అట్లు కూర్చితే మరణదండన వరకు పోవచ్చును. క్రింది న్యాయస్థానం యావజ్జీవశిక్ష విధించింది. 1956 జూలై 18న సుప్రీంకోర్టు ఈ కూర్పు చెల్లదని నిర్ణయించి ఆయనను జామీనుపై విడిచింది. తిరుగుబాటులో భాగంగా జరిగిన హింస ఆ నేరంలోనే అంతర్భూతమనీ, వేరుగా జతపరచి శిక్ష పెంచరాదనీ దాని సారాంశం. 1964 మే 30న పూర్తిగా నిర్దోషిగా ప్రకటించింది. ఒక సిద్ధాంతాన్ని నమ్మి ప్రచారం చేసినంతమాత్రాన తిరుగుబాటు కుట్ర కాబోదని కూడ అందులో తేల్చింది. ఈ మాట వినడానికి కవికి పదమూడేండ్లు పట్టింది.

ఆయన నవలలలో ‘మొసలికన్నీరు’ అనే అర్థంగల ‘లూహా నాంగ్ బువాయా’ ఒకటి. అంతకన్న గొప్పది 1969లో పుస్తకరూపం దాల్చిన ‘మాంగా ఇబోంగ్ మాందరాగిత్’, అనగా వేటపక్షులు. రిసాల్ ‘ఎల్ ఫిలిబుస్టెరిస్మో’ చివర, ప్రతీకారానికై సిమోన్ కూడబెట్టిన రత్నాలపెట్టెను ఒక వృద్ధపురోహితుడు సముద్రంలో విసరివేస్తాడు. హెర్నాండెజ్ నవలలో యుద్ధకాలపు గెరిల్లా యువకుడు మాందో ఆ పెట్టెను కడలినుండి వెలికితీస్తాడు. ఆ ధనంతో ‘కాంపిలాన్’ అనే పత్రికను స్థాపిస్తాడు. కాంపిలాన్ అంటే ఖడ్గం. పూర్వకవి కథను ఇంత చక్కగా అందిపుచ్చుకొనడం అరుదు. అయితే ఉత్తరభాగంలో పాత్రలు మాటలాడడం మాని ఉపన్యసిస్తారు. కార్మికనాయకుని వేదిక నవలలోనికి వచ్చి కూర్చున్నదని విమర్శకుడనక తప్పదు.

1970 మార్చి 24న ఆయన మరణించారు. ఆ నెలలలోనే మనీలా వీథులు మార్కోస్ ప్రభుత్వంపై కదలివచ్చిన విద్యార్థులతో నిండి ఉన్నవి. 1972లో మార్కోస్ సైనికశాసనం విధించి రచయితలను చెరబెట్టాడు. మరుసటి ఏడాది ఆ ప్రభుత్వమే దివంగతుడైన ఈ మాజీ ఖైదీకి ‘జాతీయ కళాకారుడు’ బిరుదమిచ్చింది. 1987లో ఆతాంగ్‌కూ ఆ బిరుదం లభించింది. సైనికశాసనకాలంలో రక్షణమంత్రిగా ఉండిన హ్వాన్ పోన్సే ఎన్రిలేపై 1990లో తిరుగుబాటుతో హత్యను జోడించి అభియోగం మోపగా, సుప్రీంకోర్టు 1956 నాటి హెర్నాండెజ్ తీర్పునే తిరిగి చదివి ఆయనకు జామీను మంజూరు చేసింది.