కరవు కాలములో క్లౌ దొరగారు

ధ్యాన భాగములు: హబక్కూకు 3:17-19, రోమా 8:22-27



ఏటేట మన సభలలో 2,222 అను లెక్కను సంతోషముతో చెప్పుకొందుము. 1878 జూలై 3న వెల్లంపల్లియొద్ద గుండ్లకమ్మ యేటిలో ఒక్క దినమున బాప్తిస్మము పొందినవారి లెక్క అది. దానికి ముందు గడచిన పదునైదు నెలలను గూర్చి మాత్రము అంతగా చెప్పుకొనము. ఈ నెల మేము వ్రాయదలచినది వాటిని గూర్చియే. అయితే ఆ దొరగారెవరో మొదట చెప్పవలెను.

జాన్ ఎవరెట్ క్లౌగారు 1836 జూలై 16న అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రములో జన్మించిరి. పడుచుతనములో మిన్నెసోటా ప్రాంతమున భూములు కొలుచు సర్వే పని నేర్చిరి. ఆ దినములలో ఆయనకు ప్రార్థన యనిన గిట్టదు. కాలేజీలో ఆయన గదిలోనే కాపురమున్న విద్యార్థి యొకడు రాత్రులు మోకరించుచుండగా, క్లౌగారు గది నడుమ సుద్దతో గీత గీసి, ప్రార్థన ఏదైనను ఆ ప్రక్కనే చేసికొనుమనిరట. కొన్నాళ్ళకు ఆ గీతను తామే దాటి స్నేహితుని ప్రక్కన మోకాళ్ళూనిరి.

1864 నవంబరు 30న బోస్టను రేవులో ఓడ యెక్కి, 1865 ఏప్రిలులో మద్రాసు చేరి, అక్కడనుండి నెల్లూరు వచ్చిరి. 1866 సెప్టెంబరులో ఒంగోలులో నివాసమేర్పరచుకొనిరి. ఆ ఊరి కొరకైన ప్రార్థన అంతకు ముందే జరిగియుండెను. 1854 జనవరి 1 తెల్లవారుజామున జ్యూయెట్ దొరగారు, దొరసానిగారు, నర్సు అను క్రైస్తవుడు, జూలియా, రూతు అను స్త్రీలు, ఈ అయిదుగురే ఒంగోలు కొండ యెక్కి, ఇక్కడికొక సేవకుని పంపుమని దేవుని వేడుకొనిరి. పన్నెండేండ్లకు ఆయన వచ్చెను.

1866లోనే కనిగిరి వైపు తాళ్ళకొండపాడు గ్రామస్థుడైన యర్రగుంట్ల పేరయ్యగారు బాప్తిస్మము పొందిరి. ఆయన తోళ్ళ వ్యాపారము చేయు మాదిగ. యోగమార్గమున ఏండ్ల తరబడి దేవుని వెదకినవారు. ఆయన వెనుక ఆయన కులస్థులు రాసాగిరి. వీరిని చేర్చుకొన్నయెడల తాము రామని ఒంగోలులోని పెద్ద కులములవారు పట్టుబట్టిరి. అప్పుడు దొరగారు ఒక చోటను, ఆయన భార్య హారియెట్టుగారు మరియొక చోటను వేరువేరుగా బైబిలు తెరవగా, ఇద్దరికిని మొదటి కొరింథీ పత్రిక మొదటి అధ్యాయము 26వ వచనము మొదలు గల భాగమే కనబడెనట. పేదలకు తలుపు తెరచియే యుంచిరి. 1867 జనవరి 1న ఎనమండుగురితో ఒంగోలు సంఘ మేర్పడెను.

1876లో వానలు లేవు. 1877లోను సకాలమున కురియలేదు. ఆ కరవులో ఏబది లక్షలమందికి పైగా మరణించిరని అంచనా. పొలములే ఎండిపోగా కపిలబానలు, చెప్పులు కుట్టువారిని అడుగువారెవరు? సర్కారువారు పెట్టిన కరవు పనులకు పోయినను, పై కులపు మేస్త్రీల తిట్లకు మాదిగవారు నిలువలేకపోయిరి. ఇది చూచి క్లౌగారు బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ త్రవ్వకమును తన పేర కంట్రాక్టు తీసికొనిరి. చిన్ననాడు నేర్చిన సర్వే పని ఇక్కడ అక్కరకు వచ్చెను. బోధకులనే మేస్త్రీలుగా పెట్టిరి. పాకలు వేయించిరి. వేలమంది పార పట్టిరి, మన్ను తట్టలు మోసిరి. విశ్రాంతి వేళ బోధకులు వారి నడుమ కూర్చుండి, మత్తయి 11:28లోని ప్రభువు పిలుపును వినిపించిరి. ప్రయాసపడి భారము మోయువారనిన ఎవరో అక్కడ ఎవరికిని విప్పి చెప్పనక్కరలేకపోయెను.

ప్రార్థన జరుగుచునే యుండెను, కలరాయు వచ్చెను. చాలమంది కాలువ గట్టుననే పోయిరి. ఇంతగా ప్రార్థింపగా దేవుడు వాన ఎందుకు కురిపింపలేదు? బిడ్డను పోగొట్టుకొన్న తల్లి నేడును మన పల్లెలలో ఇట్టి ప్రశ్ననే అడుగును. దీనికి జవాబు మేము సెమినరీలో నేర్వలేదు. నేర్చితిమని చెప్పువారిని నమ్మము. హబక్కూకు తన గ్రంథము చివర లెక్కపెట్టిన నష్టములలో ఒక్కటియు తీరినట్లు అక్కడ వ్రాయబడలేదు. అయినను అతడు పాడెను. క్లౌగారును వాన వచ్చువరకు మోకాళ్ళమీదనే యుండిపోలేదు. ప్రొద్దున లేచి కాలువ కొలతకు పోయిరి. ఆయన ప్రార్థనలో అదియు ఒక భాగమేనని మా తలంపు.

ఇక ఆ పదునైదు నెలల సంగతి. కాలువ పనివారు అనేకులు బాప్తిస్మమిమ్మని వేడుకొనగా, ఆ కాలమంతయు ఆయన ఒక్కరికిని ఈయలేదు. కూలి డబ్బు తన చేతిమీదుగా పోవుచున్నంతకాలము ఎవరు యేసు కొరకు వచ్చిరో, ఎవరు కూటి కొరకు వచ్చిరో తేలదని ఆయన భయము. ఇది కఠినమని అనువారు కలరు. విశ్వసించియు బాప్తిస్మము లేకయే చనిపోయినవారి మాట ఏమి? ఆ మాట మాకును బరువుగానే యున్నది. అయినను దొరగారు చేసినది సరియే యందుము. ఆయన అడిగినవెంటనే ఇచ్చియుండినయెడల, మన తాతలు గంజి కొరకు మతము పుచ్చుకొన్నారను నిందకు మనయొద్ద జవాబుండకపోవును.

పని ముగిసెను. ధర్మపు డబ్బు ఇక లేదని ఆయన అందరికి తెలియజేసిరి. 1878 జూను 16న బోధకులను, క్రైస్తవులను మాత్రము ఒంగోలుకు సుమారు పది మైళ్ళ దూరముననున్న వెల్లంపల్లికి రమ్మనిరి. రావద్దన్నవారును వచ్చిరి. సహాయమేమియు లేదని మరల చెప్పగా, తాము డబ్బు అడుగుటకు రాలేదనియు, తమవారనేకులు చనిపోయిరనియు, బాప్తిస్మమే కావలెననియు విన్నవించిరి. ఒక్కొక్కరిని పరీక్షించి పేర్లు వ్రాసికొనిరి. జూలై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది, మూడు దినములలో 3,536 మంది నీటిలో దిగిరి. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరుగా ఏటిలో నిలిచి, అలసినప్పుడు వంతు మార్చుకొనుచు బాప్తిస్మమిచ్చిరి. 3వ తేదీన దొరగారు తన చేతితో ఒక్కరికిని ఈయలేదు, ఇచ్చినవారందరు మనవారే. ఆ సంవత్సరాంతమునకు ఒంగోలు సంఘస్థుల సంఖ్య 12,000 దాటెను.

తరువాతను అనేక సంవత్సరములు మన దేశమున పాటుపడి, క్లౌగారు 1910 నవంబరు 24న అమెరికాలోని రాచెస్టరు పట్టణములో ప్రభువునందు నిద్రించిరి. అప్పటికి ఆయనకు 74 ఏండ్లు. కాలువ గట్టున విశ్వసించి మరణించినవారి పేర్లు ఏ సంఘపు రిజిష్టరులోను ఎక్కలేదు. వెల్లంపల్లిలో పేర్లు వ్రాయించుకొన్నవారిలో వారి విధవరాండ్రును, తలిదండ్రులును, బిడ్డలును ఉండిరి.