పారేసిన తలగడ

నరసరావుపేట, గురజాల ప్రాంతాల్లో బాప్టిస్టు సంఘాలు నాటిన అమెరికన్ మిషన్, 1814లో అదోనిరామ్ జడ్సన్ దొరకు అండగా పుట్టిందే. ఆయన 1813లో మద్రాసులో ఓడెక్కి బర్మా చేరారు. 1824లో ఇంగ్లీషువారితో యుద్ధం రాగానే బర్మా రాజు ఆయనకు సంకెళ్లు వేయించాడు. పదేళ్ల శ్రమ, కొత్త నిబంధన తర్జుమా రాతప్రతి, ఇంట్లో ఉండిపోయింది. భార్య ఆన్ దాన్ని మొదట నేలలో పాతిపెట్టారు. వానలకు పాడవుతుందని తలగడలో పెట్టి కుట్టి చెరసాలకు పంపారు. ఎవరూ ఆశపడనంత గట్టి తలగడ! 1825లో ఖైదీలను తరలించినప్పుడు కావలివాడు పైచాప ఒలుచుకుని లోపలిది పారేశాడు. మౌంగ్ ఇంగ్ అనే శిష్యుడు, అయ్యగారి గుర్తుగా ఉంటుందని దాన్ని ఇంటికి తీసుకెళ్లాడు. లోపల ఏముందో అతనికి తెలియదు. నెలల తరువాత రాతప్రతి చెక్కుచెదరకుండా బయటపడింది.

1832లో బర్మా కొత్త నిబంధన అచ్చయ్యేనాటికి దాన్ని కుట్టి దాచిన ఆన్ లేరు. 1826 అక్టోబరులో జ్వరంతో ఆమె, ఆరు నెలలకు పసిపాప మరియ కన్నుమూశారు.