తాండ్ర పాపారాయ చరిత్రము - బొబ్బిలి వీరస్తంభ దర్శనము

కృష్ణాతీరవాసులమగు మనకు బొబ్బిలి దూరదేశము. అయినను ఉయ్యూరు ప్రాంతమున పుట్టిన వెలమబిడ్డ యెవడును తాండ్ర పాపారాయని పేరు వినక పెరిగియుండడు. మా చిన్నతనమున జంగముకథలవారు ఊరికి వచ్చి, తంబుర మీటుచు, గుమ్మెటలు మ్రోయించుచు రాత్రియెల్ల బొబ్బిలికథ చెప్పుచుండిరి. పాపారాయుడు రాజాములో గుఱ్ఱమెక్కు ఘట్టము వచ్చునప్పటికి నిద్రించు పిల్లలను పెద్దలు తట్టి లేపుచుండిరి. ఆ ఘట్టమును మేమెన్నిమారులు వింటిమో లెక్కలేదు. కాని ఆ వీరులు కూలిన నేలను చూచుభాగ్యము తల నెరసిన పిదపగాని మాకు కలుగలేదు. ఈ వార్షిక సభల సంచికకు ఒక పూర్వపురుషుని చరిత్రము వ్రాయుమని మిత్రులు కోరగా, స్థలము చూడక వ్రాయుటకు మనసొప్పక, విజయవాడలో రైలెక్కి బొబ్బిలికి పోయితిమి.

బొబ్బిలి సంస్థానమునకు మూలపురుషుడు పెద్దరాయడు. వేంకటగిరి ప్రభువుల జ్ఞాతి, రేచెర్ల గోత్రజుడు. 1652వ సంవత్సరమున షేర్ మహమ్మదుఖానుతో శ్రీకాకుళపు సీమకు వచ్చి, సేవచేసి, భూమి సంపాదించి కోట కట్టుకొనెను. ఖానునకు షేర్, అనగా పులి యను పేరుండుటచే ఆ గౌరవార్థము ఊరికి పెద్దపులి యని పేరిడగా, అదియే బెబ్బులియై బొబ్బిలి యయ్యెనని పెద్దలు చెప్పుదురు. ఆ వంశమున రంగారాయుడు ప్రభువుగా నున్న కాలమే మన కథాకాలము. ఆయన దేవేరి మల్లమ్మ. ఆమె సోదరుడు పాపారాయుడు. రాజాము ఆతని యధీనమున నుండెను. అక్కడినుండి బొబ్బిలికి కాపుగా నుండుట ఆతని బాధ్యత.

బొబ్బిలివారికిని విజయనగరపు పూసపాటివారికిని పొరుగువారి కలహములు పెక్కు గలవు. వానిలో నీటితగవు ముఖ్యమైనది. వాగులనీటిని బొబ్బిలివారు మలుపుకొనుచున్నారని విజయనగరమువారి ఆరోపణ. కాలువ చివరి పొలములవారికిని తలాపు పొలములవారికిని జరుగు రచ్చ యెట్టిదో ఉయ్యూరులో నెవ్వరికిని వివరించి చెప్పనక్కరలేదు. పారతో తేలవలసిన ఆ తగవు ఫిరంగితో తేలుటకు కారణము మూడవవాడొకడు నడుమ వచ్చుటయే.

ఆ మూడవవాడు ఫ్రెంచి సేనాని బుస్సీ. 1753లో నిజాము సలాబతుజంగు ఉత్తరసర్కారులను ఫ్రెంచివారి కిచ్చెను. మన కొండపల్లి సర్కారును అందులోనిదే. కనుక బొబ్బిలి ముట్టడింపబడిననాడు మన తాతలును ఆ బుస్సీ ఏలుబడిలోనే యుండిరి. శ్రీకాకుళ, రాజమహేంద్రవర సర్కారులను విజయరామరాజు ఫ్రెంచివారియొద్ద గుత్తకు తీసికొని, వారికి ముఖ్యమిత్రుడయ్యెను. బొబ్బిలివారిని తన పొరుగునుండి తొలగింపుమని ఆయన బుస్సీకి బోధించెను. బొబ్బిలి విడిచినచో వేరొకచోట భూములిత్తునని బుస్సీ రంగారాయనికి వర్తమానమంపెను. లెక్కకు అది నష్టపు బేరము కాదు. కాని తాతలు కట్టిన కోటను పగవాని మాటపై విడిచిపోవుట రంగారాయనికి ప్రాణముపోవుటకన్న హీనముగా తోచెను. ఆయన సమ్మతింపలేదు.

1757వ సంవత్సరము జనవరి 24వ తేది తెల్లవారునప్పటికి ఫిరంగులు కోట కొత్తడములపై మ్రోగసాగెను. మట్టికోట అది, గుండ్లకు గండ్లు పడెను. గండిపడినచోటనెల్ల బొబ్బిలి బంట్లు ఒడలే గోడగా నిలిచిరి. ఎక్కివచ్చిన శత్రువులను మాటిమాటికి త్రోసివేసిరి. మధ్యాహ్నమునకు కోట నిలువదని తెలిసినంతనే రంగారాయుడు స్త్రీలను, శిశువులను శత్రువుల చేత పడనీయక తమవారి చేతనే కడతేర్పించెను. పిదప తానును గుండుతగిలి కూలెను. లొంగి ప్రాణము కాచుకొన్నవాడు లేడని చరిత్రకారులు వ్రాసిరి. ఒక ముదుసలి మాత్రము ఆ మంటలలోనుండి రంగారాయని కుమారుడగు పసివానిని తప్పించి తెచ్చి ఫ్రెంచి సేనాధికారి లా యను వాని కప్పగించెను.

కథకులు ఈ స్త్రీశిశువధను పొగడుదురు. సభలలో మనమును పొగడుచున్నాము. ఆ స్థలమున నిలిచిన మాకు మాత్రము నోట పొగడ్త రాలేదు. వారి కాలపు మానరక్షణ వారిది. నిందించుటకు మన మెవ్వరము? కాని ఆనాడు మరణించిన పసిబిడ్డలను ఎవ్వరును అడిగి యుండరు. మన సంఘ గ్రంథములలో ఆ భాగము వ్రాయునపుడు అలంకారములు తగ్గించి వ్రాయుట యుక్తమని మా మతము.

పాపారాయుడు రాజామున నుండెను. వార్త సకాలమున నందలేదు. అందినపిదప ఆతడు రాత్రింబవళ్లు పయనించి వచ్చునప్పటికి కోట బూడిదయై యుండెను. బావ లేడు, సోదరి లేదు. ఆతని జీవితమున మనకు తెలిసినదెల్ల ఈ రాకయు, దీని తరువాతి కొద్ది దినములును మాత్రమే. అంతకుమున్ను ఆతడు రాజామున చేసిన పాలనగాని, తీర్చిన తగవులుగాని జనులు జ్ఞాపకముంచుకొనలేదు. ఆలసించి వచ్చిన ఒక మనుష్యుడు ఆ ఆలస్యమునకు ఏమి చెల్లించెనో దానినే రెండువందల అరువదియేండ్లకు పైగా పాడుకొనుచున్నారు.

మూడవరాత్రి విజయరామరాజు గుడారములోనికి బొబ్బిలివారు చొరబడి ఆయనను కత్తులతో పొడిచి చంపిరి. ఈ విషయమున ఆంగ్ల చరిత్రకారుడు రాబర్టు ఆర్మి యొకరీతిని, మన కథలు వేరొకరీతిని చెప్పును. ఆర్మి ఆ కాలమున చెన్నపట్టణమున కుంఫిణీ కొలువులో నున్నవాడు. నలుగురు ప్రతినపట్టిరనియు, అందిద్దరు గుడారము చొచ్చిరనియు, రాజు దేహమున ముప్పదిరెండు గాయములు కనబడెననియు ఆయన వ్రాసెను. మన కథలలో తాండ్ర పాపారాయుడు, దేవులపల్లి పెద్దన్న, బుద్దరాజు వెంకయ్య యని ముగ్గురి పేర్లు వినబడును. ఏ లెక్క నిజమైనను ఒక సంగతిలో అందరికిని ఏకవాక్యత గలదు: చొరబడినవారు తిరిగి వచ్చు నుపాయము వెదకుకొనలేదు, అక్కడనే ప్రాణములు విడిచిరి.

నిద్రించువానిని చంపుట ధర్మమా యను ప్రశ్న మన పెద్దలకును తోచినది. భారతమున సౌప్తికపర్వము విన్నవారికి అది తోచకపోదు. అందుచేతనే కాబోలు, పాపారాయుడు రాజును లేపి, తాను బొబ్బిలి పులినని చెప్పి, మరి పొడిచెనని కథకులలో కొందరు చెప్పుదురు. అశ్వత్థామతో తమ వీరుని పోల్పకుండుటకు ప్రజలు కావించిన రక్షణమిది. మాకు ఆ చేర్పు కూడ ప్రియమే. తమ వీరుడు గెలిచిన చాలదు, న్యాయముగా గెలువవలెనని పామరజనులు కోరుట సామాన్యము కాదు.

ఆ కత్తిపోటు ఫలము బొబ్బిలితో ముగియలేదు. విజయరామరాజు తరువాత పీఠమెక్కిన ఆనందరాజునకు ఫ్రెంచివారితో పొసగక, ఆంగ్లేయులను పిలిచెను. కర్నలు ఫోర్డు వచ్చి 1758 డిసెంబరులో చందుర్తియొద్ద ఫ్రెంచివారి నోడించి, 1759 ఏప్రిలులో మన బందరుకోటను పట్టుకొనెను. దానితో సర్కారులలో ఫ్రెంచివారి పని తీరెను. బెజవాడనుండి బందరు పోవు త్రోవన నున్న మన ఉయ్యూరు సీమ యెవరి చేతికి పోవలెనను ప్రశ్నకు, దూరమున బొబ్బిలిలో ఒక గుడారమున జరిగిన పని కొంత కారణమగుట చిత్రమైన విషయము.

తప్పించుకొన్న పసివాడు చిన్నరంగారాయుడు. పలు కష్టములు పడిన పిదప, 1794లో విజయనగర సంస్థానము విచ్ఛిన్నమైనపుడు, కుంఫిణీవారు ఆయన పిత్రార్జితమును తిరిగి యిచ్చిరి. 1801లో ఆయన కుమారునితో శాశ్వతపు శిస్తు నిర్ణయము జరిగెను. ఆ వంశమువారగు శ్రీ రామకృష్ణ రంగారావుగారు 1932లో చెన్నరాజధానికి ప్రధానమంత్రి యైరి. ఈ సంగతులు సంచికలలో పలుమార్లు అచ్చుపడినవే కనుక విస్తరింపము.

ఇక స్తంభము మాట. పాతకోట యుండిన చోట బొబ్బిలి మహారాజావారు 1891లో దీనిని నిలిపిరి. క్రిందినుండి పైకి సన్నగిల్లి కొనదేరిన స్తంభము. కోట ఆనవాళ్లు కంటికి చాలవు. స్తంభమే లేకున్న మేము ఆ స్థలమును దాటిపోయి యుందుము. వెంట తెచ్చిన పూలదండ నుంచి, చెప్పులు విడిచి కొంతసేపు నిలిచితిమి. ఇంతకన్న ఏమి చేయవలెనో మాకు తోచలేదు. దేవాలయమైన ప్రదక్షిణము చేయుదుము. సమాధియైన దీపము పెట్టుదుము. యుద్ధభూమికి మన ఆచారములలో విధి చెప్పినవారు తక్కువ.

అప్పుడు మాకు కారెంపూడి జ్ఞాపకము వచ్చినది. మనకు కృష్ణకావలి యొడ్డున చేరువగా నున్న రణస్మారకము అదియే గదా. అక్కడ ఏటేట కార్తికామావాస్యకు వీరుల తిరునాళ్లు మొదలగును. వీరాచారమువారు వీరుల కొణతములను తెచ్చి నాగులేటిలో కడిగి పూజింతురు. మన బ్రహ్మనాయని పేరుతో పాటు మాల కన్నమదాసు పేరును అచ్చట ఎలుగెత్తి చెప్పుదురు. కూలినవారిలో ఎవరిది ఏ కులమని అచ్చట పంక్తులు వేరుచేయరు. బొబ్బిలి కొత్తడములపై నిలిచినవారును అందరు వెలమలు కారు. పాయికులు, కాపులు, పలు వృత్తులవారు ఆ గండ్లలో నిలిచిరి. రంగారాయని పేరు, పాపారాయని పేరు నిలిచినవి. వారి పేర్లలో మనవరకు వచ్చినవి మిక్కిలి కొద్ది. దిట్టకవి నారాయణకవి రంగరాయచరిత్రము రచించెను. వేదము వేంకటరాయశాస్త్రిగారు నాటకము వ్రాసిరి. 1964లో చలనచిత్రము వచ్చినపుడు యస్.వి. రంగారావుగారు పాపారాయనిగా నటింపగా మన సీమలో బండ్లు కట్టుకొని పోయి చూచిరి. ఆ పాయికుల లోటును ఇవి యేవియు పూరింపలేదు. ఈ సంచికలో పటములు వేయించు దాతలు ఒక పుటను ఖాళీగా వారికై విడిచినచో మేము సంతోషింతుము. మా మాట అధికప్రసంగమని తోచినవారు మన్నింతురు గాక.

విజయనగరమువారిపై మన సభలలో నేటికిని ఒకటి రెండు పరుషములు వినబడుచుండును. పోరాడినవారు పోయిరి, విజయరామరాజు మృతదేహమును కూడ ఆ నేలమీదనే మోసిరి. ఆ వంశమువారు నెలకొల్పిన కళాశాలలో మన పిల్లలును చదువుకొనిరి.

తిరుగుప్రయాణమున మేము రైలునకు వేళ యుండగా రాజాము పోయి వచ్చితిమి. 2022 నుండి రాజాము, బొబ్బిలి రెండును విజయనగరపు జిల్లాలోనే యున్నవి. బస్సు ప్రయాణము గంటసేపు. ఇరుప్రక్కల వరిమళ్లు, మామిడితోటలు, చెఱువులు. బొబ్బిలి చేరువైనకొలది మా ప్రక్కన కూర్చున్న ముసలిరైతు ఏమియు చెప్పకయే కిటికీనుండి తల బయటపెట్టి స్తంభమున్న దిక్కునకు చేతులు జోడించెను. మేమును జోడించితిమి.