50 డాలర్ల బొమ్మ

మార్లిన్ మన్రో పేరు వినగానే మనవాళ్లకు గుర్తొచ్చేది గాలికి లేచిన తెల్లగౌను. హాలీవుడ్ తార కాకమునుపు ఆమె పొట్టకూటికి కెమెరా ముందు నిలబడ్డ మోడల్. నాకు ఆ భాగమే ముఖ్యమనిపించింది, అందుకే సినిమాల జోలికి ఎక్కువ పోను.

1926 జూన్ 1న లాస్ ఏంజెలిస్‌లో పుట్టింది. మొదటి పేరు నార్మా జీన్. తండ్రి అండ లేదు. సినిమా లేబొరేటరీలో నెగెటివ్ కత్తిరించే పని చేసే తల్లి మతి చలించి ఆస్పత్రి పాలయింది. పిల్ల పరాయి ఇళ్లలో పెరిగి, 1935లో అనాథాశ్రమానికి చేరింది. ఆ తర్వాత సాకిన కుటుంబం వేరే రాష్ట్రానికి పోతూ ఆమెను వెంట తీసుకుపోలేకపోయింది. మళ్లీ ఆశ్రమం తప్పాలంటే పెళ్లి ఒక్కటే దారి. 16 నిండగానే చేసేశారు. ఇట్లాంటి పెళ్లిళ్లు మన పల్లెల్లో చూడనివాళ్లెవరు?

యుద్ధకాలంలో భర్త ఓడ మీద పోతే, రేడియోప్లేన్ అనే ఫ్యాక్టరీలో పనికి కుదిరింది. అక్కడి పనివాళ్లను ఫొటోలు తీయడానికి సైన్యం తరఫున వచ్చిన డేవిడ్ కోనొవర్ కంట్లో పడింది. 1945లో బ్లూ బుక్ అనే మోడల్ ఏజెన్సీలో చేరింది. ఊరికే చేర్చుకోలేదు. శిక్షణ ఫీజు 100 డాలర్లు చేతిలో లేక, వచ్చే సంపాదనలోంచి కోసుకోమంది. గోధుమరంగు జుట్టు ఉంగరాలు పోయేలా సాపు చేయించి, బంగారు రంగు వేయించుకోమంటే వేయించుకుంది. తీసిన ఫొటోలు ముందేసుకుని ఎక్కడ బాగా రాలేదో, ఎందుకు రాలేదో ఫొటోగ్రాఫర్లను అడిగేదట. మా లేబొరేటరీలో ప్రయోగం తప్పితే మేం చేసేదీ అదే కదా! త్వరలోనే బొమ్మలు పత్రికల అట్టల మీదికెక్కాయి. 1946లో విడాకులు, అదే ఏడు ఫాక్స్ స్టూడియో కాంట్రాక్టు, కొత్త పేరు. ఏడాదికి వాళ్లు వదిలేశారు. ఇంకో స్టూడియో ఆర్నెల్లకే వదిలేసింది. మళ్లీ మోడలింగే గతి.

1949 మేలో, చేతిలో డబ్బాడని రోజుల్లో, టామ్ కెల్లీ అనే ఫొటోగ్రాఫర్ దగ్గర ఎర్ర మఖ్మల్ మీద నగ్నంగా ఫొటోలు దిగింది. కూలి 50 డాలర్లు. సంతకం మోనా మన్రో అని పెట్టింది. ఆ బొమ్మ కేలండరై లక్షల ప్రతులు అమ్ముడుపోయింది. 1953 డిసెంబరులో హ్యూ హెఫ్నర్ దాన్ని కేలండర్ కంపెనీ దగ్గర 500 డాలర్లకు తీసుకుని ప్లేబాయ్ మొదటి సంచికలో వేశాడు. అర డాలరు పత్రిక 50 వేలకు పైగా చెల్లింది. ఆమెకు ముట్టింది మాత్రం మొదటి 50 డాలర్లే.

మాది మిర్చి పండించే ఇల్లు. అప్పు తీర్చాలి గనుక కళ్లంలోనే అమ్ముకుంటాం. అదే సరుకు కోల్డ్ స్టోరేజీలో నాలుగు నెలలుండి ధర పెరిగితే ఆ లాభం మా నాన్నది కాదు. అందుకని ఈ లెక్క నాకు తొందరగానే తలకెక్కింది. పైగా మిర్చికి పరువు భయం లేదు, ఆమెకుంది. కేలండర్‌లో ఉన్నది ఆమేనని 1952లోనే పత్రికలకెక్కినప్పుడు స్టూడియో పెద్దలు బెదిరిపోయారు. ఆమె దాచలేదు, డబ్బు లేక దిగానని ఒప్పుకుంది. జనం జాలిపడ్డారే గాని వెలివేయలేదు.

పెద్ద తారయ్యాక కూడా వారపు జీతానికే పనిచేయించుకుంటుంటే ఫాక్స్‌తో తెగించింది. 1955లో మిల్టన్ గ్రీన్ అనే ఫొటోగ్రాఫర్‌తో కలిసి సొంత సంస్థ ప్రకటించింది. ఏడాది తిరక్కముందే ఫాక్స్ దిగివచ్చి కొత్త కాంట్రాక్టు రాసింది. నా దృష్టిలో ఆమె చేసిన అసలైన పని ఇదే.

1962 ఆగస్టులో నిద్రమాత్రలు మోతాదు మించి చనిపోయింది. వయసు 36. ఆమె సమాధి పక్క గూటిని 1992లో హెఫ్నర్ 75 వేల డాలర్లకు కొనుక్కున్నాడు. 2017లో ఆయన్ను అక్కడే పెట్టారు. బతికుండగా ఇద్దరూ ఎన్నడూ కలుసుకోలేదు.